బొమ్మా, పటమా?

తిరుపతి వెళ్లినవాళ్లు గుండుతోనో లడ్డుతోనో తిరిగొస్తారు. మేం ఒక మనిషితో తిరిగొచ్చాం. రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు, రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. తెనాలి స్టేషన్లో కూలీ అట్టపెట్టె అందుకుంటూ లోపల ఏముందని అడిగాడు. మా బావ అని చెప్పాను. అతను ఇంకేమీ అడక్కుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

సంగతి మొదటినుంచి చెప్పాలి. పద్నాలుగేళ్ల కిందట నేనూ మా బావా, అంటే అక్క భర్తా, కలిసి తిరుపతి వెళ్లాం. అలిపిరి దగ్గర ఆయన మెట్లదారి పట్టాడు. నేను మోకాలి నొప్పని చెప్పి బస్సెక్కాను. సామాను కొండమీదికి చేర్చే కౌంటర్లో తన సంచి ఇచ్చి, ముందు చేరేది నేనే కాబట్టి చీటీ నా జేబులో పెట్టాడు. సంచి పైకి వచ్చింది. ఆయన రాలేదు.

వెతకాల్సినవాళ్లందరూ వెతికారు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కళ్లజోడు, తెల్లచొక్కా, నలభైకి దగ్గరపడ్డ పోస్టుమాస్టరు అని ఆనవాళ్లిచ్చాను. ఆ రోజు కొండమీద సగంమంది పోస్టుమాస్టర్లలాగే కనిపించారు.

చివరిసారి ఏమన్నాడని అక్క అడిగింది. "మీ అక్క జాగ్రత్త" అన్నాడని చెప్పాను. ఆ మాటను అక్క దాచుకుంది. బొట్టు తీయలేదు, తద్దినం పెట్టలేదు. ఏడేళ్లు కబురు లేకపోతే చట్టం మనిషిని పోయినట్టే లెక్కేస్తుందని ఒక వకీలు చెబితే, "చట్టానికి తొందరెక్కువ" అని మజ్జిగ ఇచ్చి పంపించింది. ఏటా ఆయన పుట్టినరోజుకి పాయసం వండుతుంది. ఎవరో ఒకరు తినాలి కనక నేను తింటాను.

నేను డిగ్రీలో తర్కశాస్త్రం చదివాను. ఒక వస్తువు ఉండాలి, లేదంటే లేకుండా ఉండాలి, మధ్యలో మూడోది కుదరదని మొదటి ఏడాదే చెప్పారు. మా అక్క పద్నాలుగేళ్లుగా ఆ మూడోదాంట్లోనే కాపురం చేస్తోంది.

ఇప్పుడు మేనకోడలు సుధ పెళ్లి కుదిరింది. శుభలేఖ దగ్గర బండి ఆగింది. పెళ్లికూతురి తండ్రి పేరు ముందు 'శ్రీ' వెయ్యాలా, 'కీర్తిశేషులు' వెయ్యాలా అని ప్రెస్సతను అడిగాడు. అక్క వినపడనట్టు ఊరుకుంది. అతను మర్యాదస్థుడు, అక్క తేల్చి చెప్పేదాకా ఆగుతానన్నాడు. సుధ మాత్రం, పేరు ముందు ఏమున్నా సరే, మండపంలో నాన్న బొమ్మ ఉండాలంది. మా ఆఫీసులో ఒకతనిది చిత్తూరు. జీవితంలో ఒక్క ఫోటో కూడా దిగని వాళ్ల తాతను, ఇంట్లోవాళ్లు చెప్పిన మాటలు పట్టుకుని గీశాడట అక్కడి చిత్రకారుడొకాయన. అది ఇంటికి తెచ్చి విప్పగానే వాళ్ల అవ్వ, తాతే ఎదురొచ్చినట్టు కొంగు తలమీదికి లాక్కుందట. ఆ కొంగు సంగతి విన్నాక అక్క ప్రయాణానికి ఒప్పుకుంది.

అలిపిరి

తిరుపతిలో పొద్దున్నే దిగి ఇడ్లీ తిన్నాం. మా వైపు ఇడ్లీకి కారప్పొడీ నెయ్యీ వేసి విడిగా గౌరవిస్తారు. ఇక్కడ సాంబారులో ముంచి తెచ్చి పెడతారు, వెతుక్కోవాలి. వెతకడం మాకు అలవాటే కాబట్టి ఇబ్బంది పడలేదు. రెండిడ్లీ నలభై రూపాయలు.

అలిపిరిలో అక్క ఒక్క మాటే అంది. "ఈసారి నువ్వు నడువు. నేను బస్సెక్కుతా." అక్క మోకాళ్లు నిజంగానే బాగుండవు. నా సంచి కౌంటర్లో ఇచ్చి చీటీ ఆమెకిచ్చాను.

మెట్లమీద ఒకామె ప్రతి మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతోంది. నా కాలు సరిగ్గా ఆమె పెట్టబోయే చోటే పడుతోంది.

"అప్పా, కాలు తియ్యి సామీ."

నాలుగోసారి తీశాక, ఏం మొక్కుకున్నావమ్మా అని అడిగాను.

"మా ఇంటాయన తాగుడు మానాలని."

"మానాడా?"

"ఆయప్ప మానలే. నేను మొక్కు మానలే. మూడో తూరి ఎక్కతా ఉండా." చేతిమీద పసుపు గీరి మళ్లీ గిన్నెలో వేసుకుంది. "దేవునికి మతిమరుపు ఉంటాది గదా, గుర్తు సెయ్యాల."

సగం దారిలో నా మోకాలు పట్టేసింది. పద్నాలుగేళ్ల కిందట నేను చెప్పిన నొప్పి, కొంచెం ఆలస్యంగా వచ్చి చేరింది. మెట్టుమెట్టుకీ కూర్చున్నాను. రెండున్నర గంటల్లో చేరతానన్నవాణ్ణి అయిదున్నర గంటల తర్వాత చేరాను.

సామాను ఇచ్చే చోట అక్క నిలబడి ఉంది. నా సంచిని రెండు చేతులతో పొట్టకి అదుముకుని ఉంది. పద్నాలుగేళ్ల కిందట నేను నిలబడ్డదీ అక్కడే. ఆ సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

"ఫోన్ చేశాను" అంది. "సంచిలో మోగింది."

ఫోను సంచిలోనే పెట్టి ఇచ్చేశానని నాకప్పుడు గుర్తొచ్చింది.

"కానిస్టేబుల్ చొక్కా రంగు అడిగాడురా. నీలమని చెప్పాను. చెప్పాక, నీలమో కాదో గుర్తు రాలేదు."

నా చొక్కా ఆకుపచ్చ. అక్క దాన్ని చూసి నా మణికట్టు పట్టుకుంది. దర్శనం అయి బయటికి వచ్చేదాకా వదల్లేదు. నా వయసు నలభై ఆరు. క్యూలో పిల్లలు నన్ను వింతగా చూశారు.

చిత్తూరు

మర్నాడు చిత్తూరు బస్సు. దారిపొడుగునా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు బండరాళ్ల గుట్టలు, వాటి కింద మామిడితోటలు. కాపు లేని కాలం. చెట్లన్నీ పని లేని మనుషుల్లా నిలబడి ఉన్నాయి.

ఆ చిత్రకారుడు ఏకాంబరం గారి ఇల్లు బెల్లం మండీ వెనక సందులో ఉంది. అరవై దాటిన మనిషి. లుంగీ, బనియను, దారంతో మెడకు కట్టుకున్న కళ్లజోడు. ముందుగదిలో గోడకానించి ఏడెనిమిది ముఖాలున్నాయి. తలపాగా రైతులు, ముక్కుపుడక పెద్దమ్మలు, తిరునామం పెట్టుకున్న ఒక పంతులుగారు. అందరికీ అన్నీ ఉన్నాయి, ఒక్కరికీ కళ్లు లేవు. కళ్లుండాల్సిన చోట గోధుమరంగు పూత మాత్రం ఉంది. కళ్లు చివరిరోజే పెడతారట.

"రాండి, కూర్సోండి. బొమ్మా, పటమా?"

"ఏదైనా ఒకటేగా" అన్నాను.

"ఒకటెట్లయితాది సార్? ఉండేటోళ్లకు బొమ్మ. పోయినోళ్లకు పటం."

మా వైపు రెండిటికీ ఒకే మాట, ఒకే మేకు. ఇక్కడ పనే వేరు. బొమ్మలోని మనిషి చూసేవాళ్ల కళ్లలోకి చూస్తాడు. పటంలోని మనిషి మన తలకు కాస్త పైగా చూస్తాడు. బొమ్మ ఎప్పుడైనా ముగించవచ్చు. పటానికి కళ్లు పెట్టే ముందు స్నానం చెయ్యాలి, కర్పూరం వెలిగించాలి. ఇదంతా ఆయన మా ఆఫీసులో ఫారాలు నింపించే గుమాస్తా గొంతుతో చెప్పాడు.

నేను అక్క వైపు చూశాను. అక్క కళ్లులేని పంతులుగారి వైపు చూసింది.

"బొమ్మే" అంది.

"అట్లయితే ఆయన్నే పిలుచుకోని రావాల్సింది గదమ్మా. కూర్సోబెట్టుకోని గీస్తా."

"ఆయన ఊళ్లో లేరు."

"యాడుండారు?"

నేను మొత్తం కథ నాలుగు వాక్యాల్లో చెప్పాను. చాలామందికి చెప్పి చెప్పి నాలుగుకు కుదించాను. ఏకాంబరం గారు కుంచె నూనెగ్లాసులో పెట్టి కాసేపు దాన్నే తిప్పాడు.

"అయితే వయసెంత పెట్టేది?"

అర్థం కాలేదన్నాను.

"పోయినోళ్లకు వయసు పెరగదు సార్, పోయిననాటికి ఎంతో అంతే. ఉండేటోళ్లకు పెరగతాది. బొమ్మంటే ఈపొద్దు ఎట్లుండారో అట్ల గీయాల. తెల్లెంటికలు పెట్టాల. లేకుంటే అది బొమ్మ గాదు, అబద్ధం."

"యాభై మూడు" అంది అక్క, ప్రశ్న పూర్తికాకముందే. ఏటా పాయసం వండేది ఆమే కదా, లెక్క తప్పలేదు.

"వాళ్ల నాయనకు బట్టతలా?"

"యాభై దాటాక ముందువైపు ఊడింది."

"ఈయనకూ అంతే ఉంటాది" అని రాసుకున్నాడు.

ఫోటోలు తీసిచ్చాం. బావకు ఫోటో తీస్తుంటే తుమ్మొచ్చేది. పెళ్లి ఫోటోలో బాసికం నుదురంతా కప్పేసింది, కిందిది తుమ్ముకు ముందటి ముఖం. పోస్టాఫీసు గ్రూపు ఫోటోలో తుమ్ముతున్న ముఖం. ఓటరు కార్డులో తుమ్మలేదు గానీ, ఆ ముఖంతో ఎవరినీ ఇంట్లోకి రానివ్వరు.

"మూడూ కలిపినా అర మొగం గూడా అయ్యేట్లు లేదు" అన్నాడు ఏకాంబరం గారు. ఆయన భార్య మునెమ్మ లోపలినుంచి, "తిన్నారా ఏమన్నా? ముందు అది అడగవయా" అని అరిచింది.

రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, పెట్టింది. నేను నములుతుంటే నవ్వింది. "నమలకూడదు సార్, మింగాల." మింగడం నాకు కొత్త కాదు, కాకపోతే ఇన్నాళ్లూ మాటలు మింగాను.

బస్టాండులో ముక్కు

"మాటల్తో ముక్కు ఎవురూ సెప్పలేరమ్మా" అన్నాడు ఏకాంబరం గారు మర్నాడు పొద్దున. "మంచి ముక్కు అంటారు. మంచి ముక్కు నేనెట్ల గీసేది? సూపించాల."

చూపించడానికి బస్టాండుకి తీసుకెళ్లాడు. ఫోటో సరిగా లేనివాళ్లందరినీ ఆయన అక్కడికే తీసుకెళతాడట. మడత స్టూలు వేసుకుని, అట్టకు కాగితం బిగించి కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్లలో మన మనిషి ముక్కు, చెవి, గడ్డం ఎవరికున్నాయో వేలు పెట్టి చూపాలి. మా వైపు ఇలా వేలు పెడితే తన్నులు తప్పవు. ఇక్కడ జనం ఈయనకు అలవాటు పడిపోయారు.

ముక్కు మురుకులమ్మే అతని దగ్గర దొరికింది. ఇరవై రూపాయల పొట్లాలు బుట్టలో పెట్టుకుని బస్సు బస్సుకీ తిరుగుతున్నాడు.

"ఏమప్పా ఏకాంబరం, ఆయమ్మ నన్నే సూస్తా ఉండాదే?"

"నీ ముక్కు కావాలంట."

"ఇచ్చేస్తే నాకేం మిగుల్తాది?"

"మురుకులు మిగుల్తాయి. కదలొద్దు."

బొమ్మ గీయించుకుంటున్నంతసేపూ రెండు బస్సులు వదులుకున్నాడు. గీసింది చూసి అతని ముఖం చిన్నబోయింది. "ఇంత లావుగా ఉండాదా అబ్బా?" అని ముక్కు తడుముకున్నాడు. అయినా అక్కకు ఒక పొట్లం ఊరికే ఇచ్చాడు. "ఇది మీ ఆయనకిమ్మా. ఒకే ముక్కోళ్లం" అన్నాడు. అక్క తీసుకుని కొంగులో కట్టుకుంది.

చెవి ఒక కండక్టరు దగ్గర, గడ్డం టికెట్టు కోసం పోట్లాడుతున్న ఒక పెద్దమనిషి దగ్గర దొరికాయి. అక్క ఒక్క క్షణం ఆలోచించేది కాదు. కాదు, తమ్మె అంత వేలాడదు. నుదురు అదే, కనుబొమలు కాదు. ఆ వెళ్లేవాడి మెడ, వెనకనుంచి మాత్రమే.

"ఇంత బిరీన సెప్పినోళ్లను నేను సూడలేదమ్మా" అన్నాడు ఏకాంబరం గారు. "మామూలుగా రెండు మూడునాళ్లు పడతాది."

"అలవాటు" అంది అక్క.

నాకు అప్పుడు తెలిసింది. పెళ్లిళ్లకీ ఆస్పత్రులకీ ఎన్నోసార్లు ఆమెతో బస్టాండుల్లో కూర్చున్నాను. జనాన్ని చూస్తూ పొద్దుపుచ్చుతోందనుకున్నాను. పద్నాలుగేళ్లుగా ఆమె ఇదే పని చేస్తోంది, చెవులూ మెడలూ ఏరుతోంది. కాగితం మాత్రం ఇదే మొదటిసారి.

లేచే వేళకి ఒక మనిషి బల్లమీద పడుకుని కనిపించాడు. చెప్పుల్లేవు, గడ్డం మాసి ఉంది, యాభై పైన ఉంటాయి. అక్క అతని చుట్టూ తిరిగి ముఖం వైపు వెళ్లి చూసింది. వెనక్కి వచ్చి కొంగు ముడి విప్పి, మురుకుల పొట్లం అతని తల దగ్గర పెట్టింది.

"పద" అంది.

కాణిపాకం

ముఖానికి మొదటిపూత ఆరేదాకా పని లేదన్నారు. చిత్తూరు వచ్చి కాణిపాకం చూడకుండా పోకూడదని మునెమ్మ చెప్పింది. ఆ వినాయకుడి ముందు ప్రమాణం చేసి అబద్ధమాడితే ఊరుకోడట. కోర్టుల్లో తెగని తగవులన్నీ అక్కడికే వస్తాయి.

అక్క లోపలికి బయల్దేరింది. నేను చెప్పులకు కాపలా ఉంటానన్నాను.

"చెప్పులు పెట్టడానికి స్టాండు ఉందిగా?" అంది.

"కొత్త చెప్పులు" అన్నాను. కొత్తవేం కాదు. అక్క నా చెప్పుల వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది.

నా పక్కన ఒకాయన కూడా చెప్పులకు కాపలా కూర్చున్నాడు. తమ్ముడితో గట్టు తగాదా అట. తమ్ముడు లోపల ప్రమాణం చేస్తున్నాడట.

"మీరు పోలేదేం?"

"నేను పోతే నిజం సెప్పాల గదా సార్" అన్నాడు. ఆ ప్రయాణంలో నేను బాగా అర్థం చేసుకున్న మనిషి అతనొక్కడే.

నోరు

ఆరోరోజు ముఖం దాదాపు అయిపోయింది. ముందుకంటే ఎత్తయిన నుదురు, చెవులమీద తెల్లవెంట్రుకలు, కళ్లకింద సంచులు. బావ నిజంగానే యాభై మూడేళ్లవాడై కూర్చున్నాడు. కళ్లు మాత్రం లేవు. అక్క దాని ముందు పీట వేసుకుని చాలాసేపు కూర్చుంది. చూపు మాత్రం నోటి దగ్గరే ఆగుతోంది.

"ఈ నోరు ఆయనది కాదండీ."

ఏకాంబరం గారు తుడిచి మళ్లీ వేశాడు. కాదంది. మూడోసారీ కాదంది. ఆయన కుంచె కింద పెట్టాడు.

"ముక్కుకు మనిషి సాలమ్మా. నోటికి మాట కావాల. నోరు ఏం మాట్లాడతా ఉండాదో తెలిస్తేనే కుదురుతాది. కడాకు ఏమన్నారు ఆయన?"

"మీ అక్క జాగ్రత్త" అంది అక్క, నా బదులు.

"నేను అదే పెట్టినా. జాగర్త సెప్పే నోరు ఇట్లే ఉంటాది, బిగిచ్చుకోని." నా వైపు తిరిగాడు. "సూసింది మీరే గదా సార్. ఇదేనా?"

కాణిపాకంలో చెప్పుల దగ్గర కూర్చోవచ్చు. ఇక్కడ కూర్చోవడానికి చెప్పులు కూడా లేవు, వాకిట్లో విప్పేశాం.

"కాదు" అన్నాను.

అక్క తల తిప్పలేదు.

"ఆయన ఆ మాట అనలేదక్కా. మూడు మెట్లెక్కి వెనక్కి తిరిగాడు. 'శేషూ, నీ మోకాలి నొప్పి నాకు తెలుసులే. పైకి పోయి నాకో కాఫీ చెప్పి ఉంచు, చక్కెర తక్కువ' అన్నాడు. నవ్వుతున్నాడు, ఎడంవైపు. నాకు మోకాలి నొప్పి లేదు. నడవడానికి బద్ధకమేసింది."

"నీకు మోకాలి నొప్పి లేదని నాకు తెలుసురా" అంది అక్క. లోపల మునెమ్మ రోట్లో రుబ్బడం ఆపేసింది.

"మరి జాగ్రత్త అన్నాడని ఎందుకు చెప్పావు?"

"నువ్వు ఏడుస్తున్నావు. కాఫీ చెప్పాడు అనడానికి నోరు రాలేదు."

అది నిజమే. మంచిమాట కదా అనుకున్నాను. మంచిమాట ఏం చేస్తుందో నాకు తెలీదు.

"జాగ్రత్త అనేది పోయేవాళ్లు చెప్పే మాటరా" అంది అక్క. గొంతు పెంచలేదు. "చూసుకో, నేను ఇక రాను అని చెప్పినట్టు. ఆయన కావాలనే వెళ్లిపోయాడనుకున్నాను. ఎక్కడో ఉన్నాడు, నా మొహం చూడ్డం ఇష్టంలేక రావట్లేదు అనుకున్నాను. నేనేం చేశాను, ఏమన్నాను అని ఒక్కో రోజూ వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఆ ముందురోజు చారులో ఉప్పెక్కువైంది. పద్నాలుగేళ్లు నాకు ఆ ఉప్పే తేలింది."

నాకు జోకులు చాలా వచ్చు. ఒక్కటీ రాలేదు.

"కాఫీ చెప్పావా?" అని అడిగింది.

"చెప్పాను. రెండు చెప్పాను. చల్లారిపోతుంటే ఆయనది కూడా నేనే తాగేశాను."

అక్క మళ్లీ ఆ నెరిసిన ముఖం వైపు తిరిగింది. ఈసారి నోటి దగ్గర ఆగలేదు. జుట్టు చూసింది, కళ్లకింద సంచులు చూసింది, ఎత్తయిన నుదురు చూసింది. ఎవరింటికో వెళ్లి, గోడమీద ముక్కూముఖం తెలియని పెద్దమనిషిని చూసినట్టు చూసింది.

"ఈయనెవరో నాకు తెలీదు" అంది. "కాఫీ చెప్పినవాడు రాకుండా ఉండడండీ. వస్తూనే ఉండి ఉంటాడు. దారిలో ఏదో అయింది." పీటమీంచి లేచి, "ఏకాంబరం గారూ, జుట్టు నల్లగా చెయ్యండి. పటం చెయ్యండి" అంది.

పటం

మర్నాడు పదింటికల్లా ఏకాంబరం గారు తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని ఉన్నాడు. అప్పటికే నలుపు వేసేశాడు. నుదురు కిందికి దిగింది, కళ్లకింద సంచులు పోయాయి, పెదవి ఎడంపక్క కొంచెం లేచింది. ఒక్క రాత్రిలో బావకు పద్నాలుగేళ్లు తగ్గాయి. నాకంటే చిన్నవాడయ్యాడు.

పటానికి కళ్లు పెట్టేటప్పుడు దాని చూపుకి ఎదురుగా ఎవరూ ఉండకూడదట. మమ్మల్ని తన వెనక గోడవారగా నేలమీద కూర్చోబెట్టాడు. కర్పూరం వెలిగించి, తను కూడా పక్కకు ఒరిగి, సన్నటి కుంచెతో రెండు కళ్లూ పెట్టాడు. ఆఖరికి ఒక్కో కంట్లో ఒక్కో తెల్లచుక్క. లేచి పక్కకు తప్పుకున్నాడు. బావ మమ్మల్ని చూడలేదు. మా తలలమీదుగా, గోడకు కొట్టిన క్యాలెండరు వైపు చూస్తూ, ఎడంవైపు నవ్వుతున్నాడు. అక్క కొంగు తలమీదికి లాక్కోలేదు. కొంగు అంచుతో నోరు మూసుకుంది.

"ఇంకా పదినాళ్లు ముట్టుకోవద్దండి" అన్నాడు ఏకాంబరం గారు కుంచె తుడుస్తూ. "ఒక మాట సెప్తా సార్. తెలుపు గీకెయ్యలేదు. పైన పలచగా నలుపు వేసినా. ముప్పై నలభై ఏండ్లకు నలుపు చెదిరి, కింద తెల్లెంటికలు తేలొచ్చు. అప్పుడు అడగనీకి నేనుండను."

"మేమూ ఉండం" అన్నాను.

అక్క వాకిట్లోకి వెళ్లి ప్రెస్సతనికి ఫోన్ చేసింది. సందులో సిగ్నల్ సరిగా లేదు. బావ పేరు ముందు వెయ్యాల్సిన మాట ఒకసారి మామూలుగా అంది. అవతల వినపడలేదేమో, రెండోసారి గట్టిగా అనాల్సివచ్చింది. ఎదురింటి వాకిట్లో బియ్యం ఏరుకుంటున్నామె తలెత్తి చూసింది.

తిరిగి లోపలికి రాగానే మునెమ్మ ఎదురొచ్చింది. ఆమె కళ్లు అక్క నుదుటి బొట్టుమీద ఆగాయి.

"పటానికి మొదటిసారి వాళ్లకు ఇష్టమైంది పెట్టాలమ్మా. ఏం ఇష్టం ఆయనకు?"

అక్క నా వైపు చూసింది. నేను లేచి, వంటింటి గుమ్మం దాకా వెళ్లి చెప్పాను.

"ఒక కాఫీ అమ్మా. చక్కెర తక్కువ."

ఇత్తడి గ్లాసులో తెచ్చి పటం ముందు పెట్టింది. పొగ లేస్తున్నంతసేపూ దాన్నే చూశాం. ఆగిపోయాక ఇంకాసేపు కూర్చున్నాం.

"సల్లారింది. పారబోయకూడదు, ఎవురన్నా తాగేయండి" అంది మునెమ్మ.

అక్క గ్లాసు తీసి నా ముందుకు జరిపింది.

తాగాను. చక్కెర తక్కువగానే ఉంది.